నలగని దుప్పటి

మా తమ్ముడికి నిద్ర పట్టడం లేదన్న సంగతి నాకు వాడు చెప్పలేదు. వాడి పక్కమీది దుప్పటి చెప్పింది. అసలు వాడు చెబుతాడా! కాలు బెణికి కుంటుకుంటూ వచ్చినా 'గుమ్మం తగిలిందిలే' అనే రకం.

నాది బట్టల ఆల్టరేషన్ కొట్టు. కొత్తవి కుట్టను. లావెక్కిన వాళ్ళవి వదులు చేస్తాను, చిక్కిపోయిన వాళ్ళవి బిగిస్తాను. నా దగ్గర మాయలు సాగవు. తొడుక్కోని చొక్కాను చేత్తో నలిపి తెచ్చి, 'రోజంతా వేసుకున్నానండీ, మీ కుట్టు ఊడిపోయింది, ఊరికే వేసివ్వండి' అనే ఘనులుంటారు. ఒంటి మీద నలిగిన గుడ్డ వేరు, పిడికిట్లో నలిగిన గుడ్డ వేరు. చూడగానే మొహాన కొడతాను.

కొట్టు వెనక రెండు గదులున్నాయి. ఒకటి నాది, ఒకటి తమ్ముడిది. వాడు లిఫ్టు మెకానిక్కు. అమ్మ పెట్టిన పేరొకటి ఉంది గానీ వీధిలో అందరూ 'లిఫ్టు' అంటారు, కోపం వస్తే నేనూ అదే అంటాను. వాడి భార్య హెచ్‌ఐవీతో పోయింది. వాడికీ ఉంది. ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని ఆరా తీయడానికి వచ్చిన చుట్టాలను గుమ్మంలోనే నిలబెట్టి దులిపేసి పంపాను. వాణ్ణి నా దగ్గరకు తెచ్చుకున్నాను. నాకు వాడు తప్ప ఎవరూ లేరు. ఈ మాట వాడి ముందు ఎన్నడూ అనలేదు, అంటే నెత్తికెక్కి కూర్చుంటాడు.

పాత మందులు వాడి మీద పనిచేయడం మానేశాయి. అప్పుడే ఆసుపత్రిలో ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి, నా మెడలో టేపు చూసి, నాకు అర్థమయ్యేలా చెప్పింది.

"ఈ వైరస్ కూడా మీ పనే చేస్తుందమ్మా. మన కణంలోకి దూరి, మన జన్యువుల గుడ్డకి తన ముక్కను అతికి కుట్టేస్తుంది. ఒకసారి కుట్టేశాక ఇక విప్పలేం. ఈ కొత్త మందు ఆ కుట్టే సూదిని పట్టేసుకుంటుంది. కుట్టు పడనివ్వదు."

"విప్పలేని కుట్టు వేస్తుందా? ఆ దర్జీ ఎవరో నా దగ్గరకు పంపండి, నేర్చుకుంటాను," అన్నాను. తమ్ముడు పడీ పడీ నవ్వాడు. వాడు అలా నవ్వి చాలా కాలమైంది.

ఆ తర్వాత అసలు మెలిక చెప్పింది. పరీక్షలో చేరిన వాళ్ళందరూ పాత మందులు ఎలాగూ మింగుతూ ఉండాలి. వాటికి తోడు సగం మందికి కొత్త మందు, మిగిలిన సగం మందికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర. ఎవరి సీసాలో ఏముందో మింగేవాడికి తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు. సీసా మీద అంకె ఒక్కటే ఉంటుంది. ఆ అంకెల గుట్టు ఎక్కడో కంపెనీ ఆఫీసులో ఉంటుంది.

"మరి ఉత్తది వచ్చిన వాడి గతేంటి?" అన్నాను.

"మందు నిజంగా పనిచేస్తోందని తేలాలంటే ఇదొక్కటే దారమ్మా," అంది. ఆవిడ మొహంలో కల్మషం లేదు. అయినా నాకు ఒళ్ళు మండింది.

ఆసుపత్రి వరండాలో ఆకుపచ్చ బెంచీ ఒకటుంది. మా వాడికి అక్కడ ఇద్దరు దోస్తులు దొరికారు. ఒకాయన లెక్కల మేష్టారు, రిటైరయ్యాడు గానీ పాఠం చెప్పడం మానలేదు. రెండో మనిషి బేకరీ నడుపుకునే అమ్మాయి. చంటిపిల్ల తల్లి, మొగుడు లేడు. ముగ్గురూ ఒకే పరీక్షలో ఉన్నారు. పరీక్షకు వెళ్ళినప్పుడల్లా ముగ్గురూ కలిసి బేకరీకి పోయేవాళ్ళు. 'బన్ను తిని వస్తా అక్కా' అనేవాడు. మంచిదే కదా, మనిషికి మనుషులు దొరికారని నేను సంబరపడ్డాను.

రక్తపరీక్షలు చేసిన ప్రతిసారీ ముగ్గురికీ వైరస్ తగ్గుతూ వచ్చింది. పూర్తిగా పోలేదు, కానీ తగ్గింది. డాక్టరమ్మ నా చెవిలో, "నేను అనకూడదు గానీ, ముగ్గురికీ అసలు మందే పడినట్టుంది," అంది. మా వాడి బుగ్గలు నిండాయి. ప్యాంట్ల నడుము పట్టడం లేదని తెచ్చి పడేస్తే, లోపల వదిలిన గుడ్డంతా తీసి వదులు చేశాను. అంత ఇష్టంగా నేను ఏ ప్యాంటు కుట్టూ విప్పలేదు.

అప్పుడు మొదలైంది దుప్పటి సంగతి. వాడి పక్కమీద నేను ఇస్త్రీ దుప్పటి పరిచి అంచులు పరుపు కిందికి దోపుతాను. ఒకరోజు పొద్దున చూస్తే పరిచింది పరిచినట్టే ఉంది. ఇస్త్రీ మడత గీత కూడా చెదరలేదు. మర్నాడూ అంతే.

"ఏంట్రా, పడుకోవడం లేదా?"

"మొద్దు నిద్ర పోతున్నా అక్కా. కింద చాప మీద పడుకున్నా, చల్లగా ఉంటుందని."

చాప చూశాను. తలుపు వెనక చుట్టి ఉంది, దాని మీద దుమ్ము. మొదట్లో వాడు మామూలుగానే ఉన్నాడు. కాస్త ఎక్కువ మాట్లాడేవాడు, నా మిషను మోటారు విప్పి బిగించేవాడు, అది బాగానే తిరుగుతున్నా. తర్వాత మాటలు తగ్గాయి. టీ గ్లాసు పట్టుకుని అది చల్లారిపోయేదాకా అలాగే కూర్చునేవాడు. పిలిస్తే రెండోసారికి గానీ తల తిప్పేవాడు కాదు.

ఒక మధ్యాహ్నం భోజనానికి వచ్చి, ముద్ద చేతిలో పట్టుకుని అన్నాడు: "లిఫ్టు మీదెక్కి కిందికి చూస్తే షాఫ్టు గొయ్యి అడుగు మొన్నటిదాకా దూరంగా ఉండేది అక్కా. ఈ మధ్య బాగా దగ్గరగా కనిపిస్తోంది. పిలిస్తే పలికేంత."

"తిక్క వాగుడు వాగావంటే పళ్ళు రాలగొడతా, తిను," అన్నాను. వాడు బుద్ధిగా తిన్నాడు. ఎదురు మాట్లాడకుండా తిన్నాడని భయమేసింది. మా వాడు నాకు ఎదురు మాట్లాడని రోజు లేదు.

చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కుపోయాను. డాక్టరమ్మ తలుపు మూసి వాణ్ణి ఒక్కణ్ణీ చాలాసేపు అడిగింది, తర్వాత నన్ను పిలిచింది. "ఇది తేలిగ్గా తీసుకునేది కాదు. మందు వల్లేమో చూడాలి. ఇలాంటప్పుడు గుట్టు విప్పమని అడిగే హక్కు నాకుంది," అంటూ ఫోన్ తీసింది. అంకె చెప్పింది. అటునుంచి జవాబు వినగానే ఆవిడ భుజాలు దిగాయి.

"ఉత్త మాత్రే. ఇతని సీసాలో మందు లేదు."

"అంటే?"

"అంటే ఈ దిగులు మందు వల్ల వచ్చింది కాదమ్మా. భార్య పోయిన బాధ లోపల ఉండిపోయి ఇప్పుడు బయటపడుతోంది. దానికి వేరే మందు రాస్తాను, మెల్లగా పనిచేస్తుంది. పరీక్ష మాత్రలు ఇప్పుడే ఆపనక్కర్లేదు, అందులో ఏమీ లేదు కదా. పైవాళ్ళను అడిగి చెబుతాను."

నేను తమ్ముడి వైపు చూశాను. వాడు నేల చూస్తున్నాడు. పెదవి చివర ఏదో కదిలింది, నవ్వని చెప్పలేను. బయటికొచ్చాక బెంచీ మీద మేష్టారు లేచి నిలబడ్డాడు. "ఏమన్నారు?" అన్నాడు. "ఉత్తదేనట," అన్నాడు మా వాడు. మేష్టారు మొహం పాలిపోయింది. ఉత్తదని తెలిస్తే అయ్యో అనాలి గానీ, ఈయన దొంగతనం బయటపడ్డట్టు చూస్తాడేంటి?

నా బుర్రలో ఆ చూపు తొలుస్తూనే ఉంది. మిషను ముందు కూర్చుంటే మా వాడి నడుము గుర్తొచ్చింది. ఉత్త మాత్రలు మింగి వాడు అంత ఒళ్ళు చేశాడా? వైరస్ ఊరికే తగ్గిందా? బేకరీ అమ్మాయి గౌను ఒకటి వదులు చేసి పెట్టాను, ఆమెకూ ఒళ్ళు వచ్చింది మరి. దాన్ని సంచీలో వేసుకుని, తమ్ముడు పనికి పోయాక, నేరుగా బేకరీకి వెళ్ళాను.

ముందు ఎవరూ లేరు. వెనక గదిలోంచి గలగలమని చప్పుడు. పలకరించకుండా లోపలికి పోయాను. పొయ్యి ఆర్పి ఉంది, గదంతా మాడిన చక్కెర వాసన. బల్ల మీద బిస్కెట్లు కాల్చే రేకు పళ్ళెం. అందులో గులాబీ రంగు మాత్రలు కుప్పగా ఉన్నాయి. మేష్టారు పిండి కలిపినట్టు రెండు చేతులతో కలుపుతున్నాడు. పక్కన మూడు సీసాలు మూతలు తీసి ఉన్నాయి. ఒకదాని మీద మా తమ్ముడి అంకె.

నన్ను చూసి బేకరీ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏం చేస్తున్నారు మేష్టారూ?" అన్నాను.

ఆయన చేతులు తీయలేదు. "సగటు, అమ్మా. ముగ్గురం ఉన్నాం. ఒకరికి మందు, ఒకరికి మట్టి అని ఎవరో కళ్ళు మూసుకుని పంచారు. మేం కలిపేసుకుని సమానంగా పంచుకుంటున్నాం. ముగ్గురిలో ఏ ఒక్కరి సీసాలో మందున్నా, ముగ్గురికీ అంతో ఇంతో అందుతుంది. మొదటి రోజే అనుకున్నాం. మీ తమ్ముడే ముందు చెయ్యి కలిపాడు."

అంటే వాడి ఒంట్లోకి మందు పోతోంది. డాక్టరమ్మ పోవడం లేదనుకుంటోంది. వాడి నిద్ర తినేస్తున్నది ఈ పళ్ళెంలోనే ఉంది, దాన్ని నిర్దోషి అని వదిలేశారు.

"మీ ఇద్దరికీ నిద్ర పడుతోందా?"

"నాకు పీడకలలు వస్తాయి," అంది ఆ అమ్మాయి నెమ్మదిగా. "అంతే అక్కా. ఓర్చుకుంటున్నా."

"నాకు వయసు మీద నిద్ర ఎలాగూ తక్కువ," అన్నాడు మేష్టారు.

"ఈ ముక్క డాక్టరమ్మతో ఎందుకు చెప్పలేదు? మా వాడు లిఫ్టు గోతిలోకి చూస్తూ అడుగు పిలుస్తోందంటున్నాడు! వినిపిస్తోందా మీకు?" అరిచేశాను. వీధిలోకి వినబడితే వినబడనీ అనుకున్నాను.

ఆ అమ్మాయి వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. "చెబితే ముగ్గుర్నీ తీసేస్తారు అక్కా. నా వైరస్ ఇప్పుడిప్పుడే దిగింది. నాకు ఇంకే మందూ లేదు. నా బిడ్డకు నేను తప్ప దిక్కు లేదు. నీ తమ్ముడు మింగడం మానేస్తాడు, చాలు కదా? ఆయన వాటా మేం తీసుకోం, పారేస్తాం. నీ కాళ్ళు పట్టుకుంటా."

మానేస్తాడా? మానేయాలన్న బుద్ధి వాడికి మిగిలి ఉంటే, ఆ గదిలో డాక్టరమ్మ ముందే నోరు విప్పేవాడు. వీళ్ళ కోసం నోరు కట్టుకుని కూర్చున్నాడు. ఇక వాణ్ణి ఎవరు కాపాడతారు? ఆ పిల్ల ఏడుస్తుంటే నాకు జాలి వేసింది, వేయలేదని అబద్ధం చెప్పను. కానీ నా మనసు అటూ ఇటూ ఊగలేదు. నాకు నా తమ్ముడు కావాలి. ఆ బల్ల మీది ఫోనే తీసి, వాళ్ళిద్దరి ఎదుటే డాక్టరమ్మకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాను.

ఆవిడ, "అతను ఎక్కడున్నాడు?" అంది. "పనిలో." "వెంటనే వెళ్ళండి. ఒక్కణ్ణీ ఉండనివ్వకండి. నేనూ బయల్దేరుతున్నా."

వాడు ఆ రోజు పనిచేస్తున్నది ఒక ఆఫీసుల మేడలో. కింద హాల్లో లిఫ్టు ముందు 'మరమ్మతు జరుగుతోంది' అని బోర్డు పెట్టి ఉంది. జనం విసుక్కుంటూ మెట్లెక్కుతున్నారు. నేనూ ఎక్కాను. పై అంతస్తులో లిఫ్టు తలుపులు తెరిచి ఉన్నాయి, లోపల లిఫ్టు లేదు. చీకట్లోంచి గ్రీజు వాసన, చల్లటి గాలి. తొంగి చూస్తే కాస్త కిందుగా లిఫ్టు పైకప్పు, దాని అంచున మా తమ్ముడు. కాళ్ళు గోతిలోకి వేలాడేసి కూర్చున్నాడు. నడుముకు కట్టుకోవాల్సిన బెల్టు విప్పి, చక్కగా చుట్టి పక్కన పెట్టుకున్నాడు. పనిముట్లన్నీ సర్ది సంచీ మూతి కట్టేశాడు. ఆ సర్దడం చూసి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అరిస్తే ఉలిక్కిపడతాడు. ఏడిస్తే ఏమవుతుందో తెలియదు. నాకు చేతనైనది తిట్టడమే.

"ఒరేయ్ లిఫ్టూ! నన్ను ఇన్ని మెట్లు ఎక్కిస్తావా? నా మోకాళ్ళు నీ బాబు చేయించాడనుకున్నావా?"

వాడు తల ఎత్తాడు. "మనిద్దరి బాబూ ఒకడే కదా అక్కా," అన్నాడు. వాడి మొహం ప్రశాంతంగా ఉంది. నేను ఆ ప్రశాంతతను అసహ్యించుకున్నాను.

"ఆ బెల్టు కట్టుకో."

"ఒక్క నిమిషం ఆగు అక్కా. ఇక్కడ బాగుంది. ఏ చప్పుడూ లేదు."

"నీకు నిమిషం లేదు, అర నిమిషం లేదు. బేకరీకి పోయొచ్చాను. పళ్ళెం చూశాను. డాక్టరమ్మకు చెప్పేశాను. నీలో ఉన్న ఈ దిగులు నీది కాదురా, ఆ మాత్రది. అర్థమవుతోందా? ఎవడో తెచ్చి నీ బుర్రలో కుట్టిన ముక్క. నేను విప్పుతాను. ముందు బెల్టు కట్టు."

"చెప్పేశావా?" వాడి మొహంలో మొదటిసారి రంగు మారింది. "వాళ్ళిద్దరి సంగతేంటి? ఎంత పని చేశావే! నీకసలు బుద్ధుందా?"

కోప్పడ్డాడు. నా తమ్ముడు నా మీద కోప్పడ్డాడు! "లేదు, వచ్చి పోట్లాడు," అన్నాను. బెల్టు తీసి కట్టుకున్నాడు. తిడుతూనే గోడకున్న నిచ్చెన ఎక్కాడు. చెయ్యి అందగానే చొక్కా పట్టి లాగి, గోడకు ఆనించి, నాలుగు వాయించి, కావలించుకుని ఏడ్చాను. నాకు నువ్వు తప్ప ఎవరున్నార్రా అని కూడా అనేశాను.

మాత్రలు ఆపారు. కొన్నాళ్ళకు ఒక పొద్దున దుప్పటి నలిగి ముద్దయి, ఒక అంచు నేల మీదికి జారి ఉంది. దాన్ని రోజంతా ఇస్త్రీ చేయబుద్ధి కాలేదు.

ముగ్గుర్నీ పరీక్షలోంచి తీసేశారు. అప్పుడు తేలింది, మేష్టారి సీసాలోనూ, ఆ అమ్మాయి సీసాలోనూ అసలు మందే ఉంది. మా వాడి కోసం ఇద్దరూ తెలియకుండానే తమ ప్రాణం తెగ్గోసి పెట్టారు. అరకొరగా అందే మందును వైరస్ ఓడించడం నేర్చుకుంటుందట. మేష్టారిలో నేర్చేసుకుంది, మిగతా ఇద్దరిలో ఇంకా నేర్చుకోలేదట. ఆయన పోయాడు. చివరిసారి చూడబోతే, "లెక్క సరిగానే వేశానమ్మా, వైరస్‌కి లెక్కలు రావనుకున్నా," అన్నాడు. మందు అమ్మకానికి వచ్చాక ఆ అమ్మాయికి దొరికింది, బతికింది. నన్ను చూస్తే మొహం తిప్పుకుంటుంది. తిప్పుకోనీ.

డాక్టరమ్మ ఇంకో మాట చెప్పింది. ఎవరికి ఏ సీసా ఇచ్చారో ఆ వరుసలోనే మనిషిని లెక్కిస్తారట, మధ్యలో ఏం మింగినా సరే. అది నియమం. కాబట్టి మా తమ్ముడి దిగులు ఉత్త మాత్రల వరుసలో పడింది. జరిగిందంతా ఆవిడ విడిగా రాసి పంపింది, జవాబు రాలేదు. మందు డబ్బాలో మడిచి పెట్టిన కాగితం నేను చదివించుకున్నాను. నిద్రలేమి, దిగులు: ఉత్త మాత్రలు వేసుకున్న వాళ్ళలోనూ ఇంతే కనిపించింది అని ఉంది. ఆ 'ఇంతే'లో మా వాడున్నాడు. ఆ కాగితం నమ్మి ఎన్ని ఇళ్ళలో ఎవరెవరు షాఫ్టుల్లోకి చూస్తున్నారో!

ఇప్పుడు మా వాడికి వైరస్ మళ్ళీ పెరిగింది. మిగతా మందులన్నీ అయిపోయాయి. పనిచేసేది ఆ ఒక్కటే. డాక్టరమ్మ నా కళ్ళలోకి చూసి, "వేసుకోకపోతే దక్కడు. వేసుకుంటే కనిపెట్టుకుని ఉండాలి. ఏ కాస్త తేడా వచ్చినా ఆ పూటే ఫోన్ చేయండి," అంది. వాడే సీసా అందుకున్నాడు. "నువ్వు చూస్తుంటావుగా అక్కా," అన్నాడు.

చూస్తూనే ఉన్నాను. వాడి చేత లిఫ్టుల పని మానిపించి, కొట్లో గుండీలు కుట్టిస్తున్నాను. ఆ పనిముట్ల సంచీ నా పెట్టెలో పెట్టి తాళం వేశాను. రోజూ పొద్దున వాడు మొహం కడుక్కోవడానికి పోగానే గదిలోకి పోయి దుప్పటి చూస్తాను. ఇన్నాళ్ళూ బాగానే నలుగుతోంది.

ఈ రోజూ నలిగే ఉంది. "బాగా నిద్రపట్టింది అక్కా!" అని పెరట్లోంచి కేకేశాడు కూడా. అమ్మయ్య అనుకుని, దులుపుదామని వంగాను.

భుజం ఒత్తిన చోట గుడ్డ మెత్తబడి వెడల్పుగా నలుగుతుంది. తుంటి కింద ఇంకో తీరుగా నలుగుతుంది. ఇక్కడ అవేమీ లేవు. దుప్పటి నడిమధ్య ఒక్కచోట ముడిపడి, అక్కడి నుంచి అన్ని వైపులకూ పదునుగా చీలిన మడతలు. అంచుల్లో నా ఇస్త్రీ గీత అలాగే ఉంది. వాడు నా కోసం దుప్పటిని పిడికిట్లో పట్టి నలిపాడు.

పెరట్లోకి పోయాను. వాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ నన్ను చూసి నవ్వాడు. ఆ ప్రశాంతమైన మొహం నాకు తెలుసు. ఒక చేత్తో వాడి చొక్కా అంచు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో డాక్టరమ్మకు ఫోన్ కలిపాను. మోగుతోంది. ఇంకా ఎత్తలేదు.